పదకొండు వందల ముప్ఫై రోజులు

‘‘ఏడాదికి ఎన్ని దినాలు కట్టిండ్రు?’’

మొన్నొక ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు తన ఫోన్లో వచ్చిన మెయిల్ చదివి వినిపించగానే నాన్న అడిగిన మొదటి ప్రశ్న ఇది. తమ్ముడికి అర్థం కాలేదు. గచ్చిబౌలిలో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాడు వాడు. కంపెనీ స్వరూపం మారుతోందట, వాడి విభాగం అక్కర్లేదట. తనంత తానుగా, స్వచ్ఛందంగా రాజీనామా చేస్తే మూడు నెలల జీతం ఇస్తారట. శుక్రవారంలోగా చెప్పాలట.

‘‘దినాలేంది నాన్నా? మూడు నెలల జీతం అన్నరు.’’

‘‘మూడు నెలలంటే తొంభై దినాలు. నీకు తొమ్మిదేండ్ల సర్వీసు. ఏడాదికి పది దినాలు పడ్డది.’’ నాన్న వేళ్ల మీద లెక్క కూడా వేయలేదు. ‘‘మాకు ముప్ఫై అయిదు ఇచ్చిండ్రు.’’

అని లేచి లోపలికి వెళ్లాడు. బీరువా మీది రేకు పెట్టె దించిన చప్పుడు వినిపించింది. డెబ్బై ఏళ్ల మనిషి స్టూలెక్కాడని అమ్మ వంటింట్లోంచే కేకలేసింది. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతిలో ఓ పాలిథిన్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన రూళ్ల కాగితం ఉంది. నేను ఆ కాగితాన్ని చూడటం అదే మొదటిసారి. నాన్న గుండ్రటి చేతిరాత, నీలం సిరా.

23 × 35 = 805
13 × 25 = 325
మొత్తం 1,130
1,130 × 200 = 2,26,000

మా ఇంటి చరిత్రంతా ఆ నాలుగు వరుసల్లోనే ఉంది.

*

నాన్న టర్నర్. మల్లేపల్లి ఐటీఐలో చదివి, 1978లో ఇరవై రెండో ఏట ఓ ప్రభుత్వ రంగ కర్మాగారంలో చేరాడు. దాని పేరు రాయను. ఆ రోజుల్లో జంట నగరాల్లో అలాంటివి చాలా ఉండేవి. పేరు మార్చి చదువుకున్నా కథ పెద్దగా మారదు. చిలకలగూడ చౌరస్తాలో పొద్దున ఆరున్నరకు కంపెనీ బస్సు వచ్చేది. ఆ బస్సెక్కే వాళ్లందరినీ పిల్లలం మెషీన్ల పేర్లతోనే గుర్తుపట్టేవాళ్లం. మిల్లింగ్ మామ, గ్రైండింగ్ బాబాయ్, టూల్‌రూమ్ పెదనాన్న. స్టోర్స్‌లో పనిచేసే ఆయన మాత్రం ఎందుకో స్టోర్స్ అంకుల్. అసలు పేర్లు పెళ్లి పత్రికల్లో చూసినప్పుడే తెలిసేవి.

నేను అయిదో తరగతిలో ఉండగా మొదట కంపెనీ బస్సు ఆగిపోయింది. తర్వాత క్యాంటీన్లో భోజనం ఆగింది. ఏడో తారీఖున వచ్చే జీతం ఇరవయ్యో తారీఖుకు వెళ్లింది, ఆ పైన రెండు నెలలకోసారి అయింది. ఆర్డర్లు లేవు. పొద్దున వెళ్లి కార్డు పంచ్ చేసి, మెషీన్ తుడిచి, నూనె పెట్టి, సాయంత్రం దాకా కూర్చుని రావడమే. ‘‘పని ఎక్కువైతే ఒళ్లు నొస్తది. పని లేకపోతే ఏం నొస్తదో తెలుస్తలేదు’’ అని నాన్న అనడం గుర్తుంది. మాకు అది జోకులా వినిపించేది.

2001 మొదట్లో గేటు దగ్గర నోటీసు అంటించారు. స్వచ్ఛంద పదవీ విరమణ పథకం. వీఆర్ఎస్. దరఖాస్తుకు గడువు నెల రోజులు. గేటు మీటింగుల్లో ‘ఎవరూ సంతకం పెట్టొద్దు’ అని గొంతు చించుకున్న నాయకుల్లోనే ఇద్దరు మూడో వారంలో పెట్టేశారు. ఇప్పుడు పెట్టకపోతే రేపు ఇదీ రాదని ఒకడు, ఫ్యాక్టరీ మళ్లీ నడుస్తుందని ఇంకొకడు. ఎవరి దగ్గరా కాగితం లేదు, అన్నీ పుకార్లే. నాన్న మార్చి 29న సంతకం పెట్టాడు.

ఆ రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. ‘‘ఏంది, గింత జల్ది వచ్చినవ్?’’ అంది.

‘‘సంతకం పెట్టిన. ఇగ ఎక్కువ దినాలు పోయేది లేదు.’’

అమ్మ చాట కింద పెట్టింది. ‘‘నన్నొక్క మాట అడిగినవా?’’ అంది.

పాతికేళ్లుగా ఆ వాక్యం మా ఇంట్లోనే ఉంది. ఫీజు కట్టలేకపోయినప్పుడు, అద్దె పెంచినప్పుడు, నా పెళ్లి మాటలప్పుడు వచ్చేది. అమ్మ పైకి అనకపోయినా నా మనసులో నేను అనుకునేదాన్ని. నలభై అయిదేళ్ల మనిషి, చేతిలో ఉద్యోగం ఉండగా ఎవరు వదులుకోమన్నారు? ఫారం మీద స్వచ్ఛందం అనే కదా ఉంది!

*

ఆ మాట సంగతి నాకు విలేకరినయ్యాకే తెలిసింది. దాని పని దానికి ఉంది.

పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం కార్మికుణ్ని రిట్రెంచ్ చేస్తే, అంటే పని లేదని తీసేస్తే, సర్వీసులో ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం పరిహారంగా ఇవ్వాలి. వంద మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ఫ్యాక్టరీ అయితే ముందుగా ప్రభుత్వ అనుమతి కూడా కావాలి. ఆ అనుమతి అంత సులువుగా వచ్చేది కాదు. అయితే అదే చట్టంలో రిట్రెంచ్‌మెంట్‌కు ఇచ్చిన నిర్వచనంలో ఒక మినహాయింపు ఉంది: కార్మికుడు స్వచ్ఛందంగా పదవీ విరమణ చేస్తే అది రిట్రెంచ్‌మెంట్ కాదు. కాదు కాబట్టి అనుమతి అక్కర్లేదు. ఎవరూ ఎవర్నీ తీసేయలేదు. అందరూ వాళ్లంతట వాళ్లే వెళ్లిపోయారు!

1991 జూలై 24న పి.వి.నరసింహారావు ప్రభుత్వం కొత్త పారిశ్రామిక విధానం ప్రకటించింది. ఖాయిలా పడిన ప్రభుత్వ రంగ సంస్థలను కూడా బీఐఎఫ్ఆర్ ముందుకు తెచ్చింది. ప్రైవేటు పరిశ్రమలకైతే ఆ బోర్డు 1987 నుంచే ఉంది. కార్మికుల మాటేమిటన్న ప్రశ్నకు జవాబుగా 1992 ఫిబ్రవరిలో జాతీయ పునరుద్ధరణ నిధి పెట్టారు. ఉద్యోగం పోయిన వాళ్లకు కొత్త పని నేర్పించి ఇంకోచోట కుదర్చాలన్నది అందులో ప్రధానమైన ఆశయం. ఆచరణలో ఆ డబ్బులో ఎక్కువ భాగం వీఆర్ఎస్ చెల్లింపులకే పోయింది. నేర్పించడం, కుదర్చడం తోకలా మిగిలాయి. మనిషిని పంపడానికి ఒక్క చెక్కు చాలు. ఇంకో పనిలో పెట్టడానికి మాత్రం వెంట ఉండి నడిచేవాళ్లు కావాలి, వాళ్లు లేరు.

1988 అక్టోబరు నాటి పథకంలో ఏడాది సర్వీసుకు 45 రోజుల జీతం అన్నారు. 2000 మే నాటికి గుజరాత్ నమూనా అని ఇంకోటి వచ్చింది: చేసిన ప్రతి ఏడాదికీ 35 రోజులు, ఇంకా మిగిలిన ప్రతి ఏడాదికీ 25 రోజులు. నాన్న కాగితం మీది లెక్క అదే. ఇరవై మూడేళ్లు చేశాడు, యాభై ఎనిమిదికి ఇంకా పదమూడేళ్లున్నాయి. నెలకు 26 పనిదినాల లెక్కన రోజు జీతం 200. అది కూడా పాత జీతమే. ఖాయిలా పడ్డ సంస్థల్లో జీతాల సవరణ జరగలేదు. లాభాల్లో ఉన్న సంస్థల్లో అదే లేత్ మీద అదే పని చేసేవాడి జీతం వేరు, నాన్న జీతం వేరు. పరిహారం గుణించేది ఆ పాత అంకెతోనే.

అదే కాలంలో, 2000-01లో, ప్రభుత్వ బ్యాంకుల్లో వీఆర్ఎస్ వచ్చింది. లక్ష మందికి పైగా తీసుకున్నారు. వాళ్లకు ఏడాదికి 60 రోజులు. అర్హత ఉన్నవాళ్లకు పైన నెలనెలా పింఛను. మా పక్క పోర్షన్‌లో ఉండే బ్యాంకు క్యాషియరు గారు వీఆర్ఎస్ తీసుకుని పిల్లలతో తిరుపతి వెళ్లొచ్చి వీధంతా లడ్డూ పంచారు. అదే నెలలో మా ఇంట్లో కూడా వీఆర్ఎసే. ఒకే పేరున్న రెండు పథకాలు గోడకు చెరో పక్కన ఉండేవి.

*

ఈ వ్యాసం కోసం ఓ రోజు ముషీరాబాద్ నుంచి కవాడిగూడ మీదుగా లోయర్ ట్యాంక్‌బండ్ దాకా నడిచాను. ఈ దారిలో డీబీఆర్ మిల్స్ ఉండేది. ప్రాగా టూల్స్ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1943లో సికింద్రాబాద్‌లో మొదలైన సంస్థ అది. మెషీన్లు తయారుచేసే మెషీన్లు తయారుచేసింది. తర్వాత హెచ్ఎంటీ కిందికి వెళ్లి, చివరికి హెచ్ఎంటీ మెషీన్ టూల్స్‌లో కలిసిపోయింది. సుప్రీంకోర్టు 1969లో తీర్పు చెప్పిన ఒక కేసులో దీని పేరే ఉంది. 1963లో 92 మంది కార్మికులను తీసేయడానికి వీలిచ్చే ఒప్పందం చుట్టూ నడిచిన కేసు. సంస్కరణలకు దాదాపు ముప్ఫై ఏళ్ల ముందు మాట. అంటే ఈ జబ్బు 1991లో పుట్టిందేమీ కాదు.

సనత్‌నగర్‌లో 1942లో మొదలైన ఆల్విన్ సంగతి చెప్పనక్కర్లేదు. మన బస్సుల బాడీలు, మన ఇళ్లలో ఫ్రిజ్‌లు, మన చేతి గడియారాలు అక్కడివే. ఫ్రిజ్‌ల విభాగం 1990లలో వోల్టాస్ చేతికి వెళ్లింది. ఇవాళ ఆల్విన్ కాలనీ అంటే కూకట్‌పల్లిలో ఓ బస్టాపు. బాలానగర్ ఐడీపీఎల్ సోవియట్ సాయంతో కట్టిన మందుల ఫ్యాక్టరీ. 1992లో బీఐఎఫ్ఆర్ ముందుకెళ్లింది. రెడ్డీస్ ల్యాబ్స్‌ను 1984లో స్థాపించిన డాక్టర్ కె.అంజిరెడ్డి అంతకుముందు అక్కడ పనిచేసినవారే. హైదరాబాద్‌ను మందుల రాజధాని అని గొప్పగా చెప్పుకుంటాం కదా, అందులో ఆ ఫ్యాక్టరీ వాటా ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు. చదువుకున్నవాళ్లు నేర్చుకున్నది పట్టుకుని బయటికొచ్చి కంపెనీలు పెట్టగలిగారు. షాప్‌ఫ్లోర్ మీద వాళ్లు నేర్చుకున్నది చేతుల్లో ఉంటుంది. దాన్ని పెట్టుబడిగా చూపిస్తే ఏ బ్యాంకు అప్పిస్తుంది?

*

నాన్నకు పరిహారం 2,26,000. గ్రాట్యుటీ 69,000. పీఎఫ్ లక్షా పది వేలు. నాలుగు లక్షల పైచిలుకు. అంత డబ్బు ఒక్కసారిగా మా ఇంటికి అంతకుముందెప్పుడూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. వారం రోజులు మా ఇంటికి బంధువులొచ్చారు. పెట్టుబడి సలహాలొచ్చాయి. అప్పు అడిగేవాళ్లూ వచ్చారు.

మేనత్త పెళ్లికి చేసిన అప్పు, సొసైటీ లోను కలిపి 65 వేలు పోయాయి. తొంభై వేలతో చిలకలగూడలో ఎస్టీడీ బూత్, పక్కన జిరాక్స్ మెషీన్ పెట్టాడు. మిగిలిన రెండున్నర లక్షలు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్. నెలకు పద్దెనిమిది వందల చిల్లర వడ్డీ వస్తుందనీ, బూత్ మీద ఇంకో రెండు వేలు వస్తే ఇల్లు గడుస్తుందనీ లెక్క.

కాగితం మీద ఆ లెక్కకు వంకలేదు. లెక్క వేసిన నేలే కదిలింది. వీఆర్ఎస్‌లు జోరుగా నడిచిన ఆ రెండు మూడేళ్లలోనే వడ్డీ రేట్లు దిగిపోయాయి. 2000 జనవరి దాకా పీపీఎఫ్ మీద 12 శాతం ఉండేది. 2001 మార్చికి తొమ్మిదిన్నర, 2003 మార్చికి 8. బ్యాంకు డిపాజిట్లదీ అదే దారి. రెండేళ్లకు రెన్యువల్‌కు వెళితే నాన్నకు నెల వడ్డీ పన్నెండు వందల చిల్లరకు పడింది. పరిశ్రమలకు అప్పు చౌకగా దొరకాలంటే వడ్డీలు తగ్గాలి, అది సంస్కరణే. ఖాయిలా ఫ్యాక్టరీ మనుషుల్ని తగ్గించుకోవాలి, అదీ సంస్కరణే. ఒకటి జీతగాణ్ని వడ్డీ మీద బతికేవాడిగా మార్చింది, రెండోది ఆ వడ్డీని కోసేసింది. రెండూ వచ్చి ఒకే ఇంటి తలుపు తడతాయని ఎవరూ అనుకోలేదేమో. 2003లోనే సెల్‌ఫోన్‌కు వచ్చే కాల్స్ ఉచితమయ్యాయి. 2005కల్లా బూత్ మూసేశాం.

నిజానికి నాన్న అదృష్టవంతుడే. ఎక్కువ వడ్డీ ఆశకు ఆ డబ్బును సహకార పట్టణ బ్యాంకుల్లో పెట్టినవాళ్లున్నారు. 2001లో కృషి బ్యాంకు, ఆ తర్వాత చార్మినార్, ప్రుడెన్షియల్ బ్యాంకులు కుప్పకూలాయి. అప్పట్లో డిపాజిట్ బీమా లక్ష వరకే. గ్రైండింగ్ బాబాయ్ డబ్బు అలాంటి ఒక బ్యాంకులోనే చిక్కుకుంది. స్వయం ఉపాధి శిక్షణకూ వెళ్లాడాయన. నెల రోజులు ఫినాయిల్, కొవ్వొత్తులు చేయడం నేర్పించారు. మిల్లీమీటరులో వందో వంతు తేడాను వేలితో తడిమి చెప్పగల మనిషికి కొవ్వొత్తులు! ఆ ఎండాకాలం మా వీధిలో అన్ని ఇళ్లూ ఉచిత ఫినాయిల్‌తో తళతళలాడాయి. కొన్నవాళ్లు మాత్రం లేరు.

బూత్ మూతపడ్డాక నాన్న బాలానగర్‌లో ఓ చిన్న షెడ్డులో లేత్ మీద కుదిరాడు. నెలకు మూడున్నర వేలు. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. అక్కడ చేసింది ఫ్యాక్టరీలో చేసిన పనే. అదే పనిని అక్కడ వద్దన్నారు, ఇక్కడ సగం జీతానికి కావాలన్నారు. కళ్లకు శుక్లాలొచ్చి మానేసేదాకా, అరవై ఆరో ఏటి వరకూ వెళ్లాడు. పదవీ విరమణ అంటారు కదా, ఆయన చేసింది పదవికి మాత్రమే విరమణ.

పింఛను సంగతి కూడా చెప్పాలి. ఫ్యాక్టరీ కార్మికులకు ఉన్నది 1995 నవంబరులో వచ్చిన ఉద్యోగుల పింఛను పథకం. పూర్తి పింఛను యాభై ఎనిమిదో ఏటి నుంచి. నాన్న ఆగాడు. 2014లో లెక్కకట్టి చూస్తే వెయ్యి కూడా రాలేదు. సరిగ్గా ఆ సెప్టెంబరులోనే కనీస పింఛను వెయ్యి రూపాయలు చేశారు కాబట్టి వెయ్యి వస్తోంది. కరవు భత్యం లాంటిదేమీ ఉండదు. ఆ వెయ్యి అలాగే ఉంది. బీఎస్ఎన్ఎల్‌లో 2019 నవంబరు 4 నుంచి డిసెంబరు 3 దాకా వీఆర్ఎస్ దరఖాస్తులు తీసుకున్నప్పుడు యాభై దాటిన 78 వేల మందికి పైగా ముందుకొచ్చి, 2020 జనవరి 31న ఒకే రోజు ఇంటికెళ్లారు. వాళ్లలో కొందరితో మాట్లాడాను. బెంగ ఉంది కానీ భయం లేదు. టెలిఫోన్ శాఖ నుంచి వచ్చినవాళ్లకు ప్రభుత్వ పింఛను ఉంది, నెల మొదట్లో బ్యాంకు మెసేజ్ వస్తుంది. నాన్నకు నలభై అయిదు నుంచి యాభై ఎనిమిది దాకా అలాంటి మెసేజ్ ఒక్కటీ రాలేదు. వచ్చినదల్లా మొదట్లో ఒక్క చెక్కు.

*

మిల్లింగ్ మామ సంతకం పెట్టలేదు. నాన్న కంటే ఏడాది పెద్ద, 2013 దాకా అదే గేటులోంచి వెళ్లొచ్చాడు. ఒక్కో ఏడు ఎనిమిది నెలల జీతం బకాయి ఉండేది. రిటైరయ్యాక రావాల్సిన డబ్బు చేతికందడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. మొత్తం మీద నాన్న కంటే ఎక్కువే వచ్చింది, పింఛనూ రెండింతలు. అయితే మధ్యలో అప్పులకు కట్టిన వడ్డీ ఎంతో ఆయన చెప్పడు.

వీళ్లిద్దరూ ఇప్పటికీ ఆదివారం పొద్దున గడియార స్తంభం దగ్గర ఇరానీ చాయ్ తాగుతారు. పాతికేళ్లుగా ఒకటే పంచాయితీ, ఎవరు చేసింది కరెక్టు అని. ‘‘నువ్వు పెట్టకుంటే బాగుండె’’ అని ఆయన, ‘‘నువ్వు పెడితే బాగుండె’’ అని ఈయన. ఓసారి నేనూ వెంట వెళ్లి విన్నాను. చివరికి మామ అన్నాడు, ‘‘ఇద్దర్లో ఒకడు రైటయితడనుకున్నం బిడ్డా.’’ ఆ తర్వాత చాయ్ డబ్బులెవరు ఇవ్వాలన్న దాని మీద ఇంకో పంచాయితీ.

చట్టం దృష్టిలో మాత్రం ఏ పంచాయితీ లేదు. ఎరువుల కార్పొరేషన్ ఉద్యోగుల కేసులో 2003లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. వీఆర్ఎస్ డబ్బు చేసిన పనికి ఇచ్చేది కాదనీ, ఉద్యోగాన్నీ దానితో వచ్చే హక్కులన్నిటినీ వదులుకున్నందుకు ఇచ్చేదనీ, పుచ్చుకున్నాక జీతాల సవరణ అడగడానికి వీల్లేదనీ దాని సారం. మన రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ ఆ కార్పొరేషన్‌దే. 1999లో ఉత్పత్తి ఆగింది, మనుషుల్ని పంపేశారు. అదే రామగుండంలో 2021లో కొత్త ఫ్యాక్టరీ ఎరువు తయారీ మొదలుపెట్టింది. మంచిదే. పాతవాళ్లు అప్పటికి ముసలివాళ్లు.

*

మళ్లీ తమ్ముడి మెయిల్ దగ్గరికొస్తాను.

నాన్న కాగితం నేను తిప్పి చూశాను. వెనకవైపు పెన్సిల్‌తో చిన్న జాబితా ఉంది. చెల్లె పెండ్లి అప్పు. సొసైటీ. కిరాయి మూడు నెలలు. అన్నిటికంటే పైన, కింద గీత గీసి: పాప ఫీజు 1,450.

ఏడో తరగతి కామన్ పరీక్షల ముందు మా బడిలో ఫీజు బాకీ ఉన్నవాళ్ల పేర్లు చదివి చిట్టీలు ఇచ్చారు. కట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వరు. ఆ చిట్టీ నేను ఇంట్లో ఇవ్వలేదు. జీతం రాలేదని తెలుసు కాబట్టి చింపి మోరీలో పడేశాను. ఎవరికీ చెప్పలేదు. తర్వాత హాల్ టికెట్ వచ్చింది. ఎలా వచ్చిందని పన్నెండేళ్ల పిల్లకు అనుమానం రాలేదు. నాన్న సంతకం పెట్టడం, నా హాల్ టికెట్ రావడం ఒకే వారంలో జరిగాయని కూడా ఇన్నేళ్లలో నాకు తట్టలేదు.

‘‘నీకెట్ల తెలుసు?’’ అన్నాను.

‘‘రెండో చిట్టీ పోస్టుల వచ్చింది’’ అన్నాడు నాన్న. ‘‘మిల్లింగోడు చేబదులిచ్చిండు. పైసలు రాంగనే ఇస్తనని చెప్పిన.’’

సంతకం పెట్టని మిల్లింగ్ మామ! ఆయనకూ నాలుగు నెలల జీతం బకాయి ఉన్న రోజులవి.

నేనేం మాట్లాడలేదు. తమ్ముడు ఫోన్లో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాడు. నాన్నే మళ్లీ పనిలోకి దిగాడు. కొత్త చట్టం ఏమంటుందని నన్నడిగాడు. విలేకరి కూతురున్నందుకు ఆ మాత్రం అక్కరకు రావాలి కదా. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయని చెప్పాను. ముందస్తు అనుమతి కావాల్సిన పరిమితిని వంద మంది నుంచి మూడు వందలకు పెంచారు. పరిహారం అదే, ఏడాదికి 15 రోజులు. కొత్తగా పునర్నైపుణ్య నిధి అని ఒకటుంది. తీసేసిన కార్మికుడి పేరున యజమాని అదనంగా 15 రోజుల జీతం అందులో వేయాలి, అది 45 రోజుల్లో అతని ఖాతాకు చేరాలి. సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఆ చట్టం చెప్పే కార్మికుడి కిందికి వస్తాడా రాడా అన్నది అతను చేసే పనిని బట్టి ఉంటుంది, అది వేరే గొడవ.

‘‘వీడొస్తడే అనుకో. వీనికి పడతయా ఆ పైసలు?’’

‘‘తీసేస్తే పడతయి. తనంత తానే రాజీనామా చేసినోడికి పడవు.’’

నాన్న నవ్వాడు. తమ్ముడి ఫోన్ తీసుకుని, చేయి దూరంగా చాపి, కళ్లు చికిలించి ఆ ఇంగ్లిషు మెయిల్‌లో ఒక్క మాట కోసం వెతికాడు. దొరికాక గోటితో చూపించాడు. పాతికేళ్ల కింద ఫారం మీద చూసిన మాటను ఆయన ఏ భాషలోనైనా గుర్తుపడతాడు. ‘‘ఇది తీసేసి, మేమే తీసేస్తున్నమని రాసియ్యమను. సంతకం రేపు పెట్టకు. శుక్రవారమని వాళ్లంటే శుక్రవారమేనా? మాకూ నెల అన్నరు, ఇంకో నెల పెంచిండ్రు.’’

తమ్ముడు జవాబు టైపు చేయడం మొదలుపెట్టాడు. రెండు లైన్లు రాసి చెరిపేశాడు, మళ్లీ రాశాడు. గట్టిగా రాస్తే ఆ మూడు నెలలూ పోతాయేమోనన్న భయం మొహంలో కనిపిస్తూనే ఉంది. ఇంటి లోను నెలకు నలభై రెండు వేలు. మరదలు కాన్పుకని ఖమ్మంలో పుట్టింట్లో ఉంది, ఎనిమిదో నెల.

అంతసేపూ అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. గిన్నెలు సర్దేసి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. నాన్న కాగితం వైపు చూసింది, తమ్ముడి వైపు చూసింది.

‘‘నీ పెండ్లానికి చెప్పినవా?’’ అంది.

తమ్ముడు తలెత్తలేదు. ‘‘ఈ టైములో ఎందుకని...’’

‘‘ముందు దానికి ఫోన్ చెయ్. దాన్నడిగి అప్పుడు రాయి.’’

నాన్న కాగితం మడతపెడుతూ ఆగి అమ్మ వైపు చూశాడు. తమ్ముడు ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.